అడవి గడపలో అతిథి

సేవ చేయాలని బస్తర్‌కు వచ్చినవారికి ఆ నేల మొదట నేర్పే పాఠం సహనం. తక్కిన పాఠాలు ఆ తరువాతనే.

వానాకాలం వచ్చినదంటే బస్తర్ అరణ్యంలోని పల్లెలు ద్వీపాలుగా మారిపోతాయి. అక్కడికి సముద్రం దాపున లేదు. అయినా చుట్టూ నీరే. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి నది జగదల్‌పూర్ మీదుగా పడమటికి ప్రవహించి, చిత్రకోట్ వద్ద సుమారు 30 మీటర్ల ఎత్తు నుండి గుర్రపునాడా ఆకారంలో దూకి, కొండల నడుమ మలుపులు తిరిగి, భద్రకాళి గ్రామం వద్ద గోదావరిలో కలుస్తుంది. వేసవిలో పంచె ఎగగట్టి దాటగలిగిన వాగులు శ్రావణమాసం నాటికి మనిషిలోతు దాటిపోతాయి. నది ఆవలి పల్లెలకు దొప్పలా తొలిచిన దోనె ఒక్కటే దారి. నది పొంగిననాడు ఆ దారి కూడా ఉండదు. ఉప్పు, కిరసనాయిలు, మందు - ఏది కావాలన్నా వరద తీసేవరకు ఆగవలసినదే.

ఇంద్రావతికి ఉత్తరాన ఉన్న అబూఝ్‌మాడ్ కొండలు ఈ ఏకాంతానికి పరాకాష్ఠ. 'అబూఝ్' అంటే తెలియనిది, 'మాడ్' అంటే కొండ. దాదాపు 4,000 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతంలోని ఊళ్ళలో అనేకం స్వాతంత్ర్యం వచ్చిన దశాబ్దాల తరువాత కూడా భూమి కొలతల లెక్కలకు ఎక్కలేదు. 1980 దశకంలో ఇక్కడికి బయటివారి రాకపోకలపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టినది. 2009లో వాటిని తొలగించినది.

1998లో విభజన జరిగేవరకు బస్తర్ ఒకే జిల్లాగా ఉండేది. ఆనాడు దాని వైశాల్యం కేరళ రాష్ట్రం కంటె కొద్దిగా ఎక్కువ! 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తరువాత ఆ నేల ఏడు జిల్లాల డివిజన్ అయినది. తెలుగువారికి ఇది పరాయి నేల కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి తరలివచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశపు ఐతిహ్యం. కొంటా, భోపాలపట్నం సంతలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. దోర్లాలు గోదావరి తీరపు కోయలకు దగ్గరి చుట్టాలు.

ఇటువంటి చోటికి, ఎవరూ పిలవకపోయినా, సేవ చేయాలన్న కోరికతో కొందరు వచ్చారు. వారిలో ఒకరు సముద్రాలు దాటి వచ్చినవాడు.

అతిథులూ, అధికారులూ

ఆ వచ్చినవారిని అర్థం చేసుకోవాలంటే, వారికంటె ముందు బయటినుండి ఎవరు వచ్చారో తెలుసుకోవాలి. తూకపురాయి పట్టుకొని వ్యాపారి వచ్చాడు. ఉప్పు కరువైన ఆ అడవిలో ఉప్పుకు సరిసమానంగా సారపప్పు తూచి పట్టుకుపోయేవాడు. పట్టణంలో సారపప్పు విలువ ఏమిటో అడవిబిడ్డకు తెలియదు. తరువాత అటవీశాఖ జవాను వచ్చాడు. తాతముత్తాతలు కట్టెలు కొట్టుకొన్న అడవి ఒక్క కాగితంతో రిజర్వు అయినది. పోడు నేరమైనది. దొరలకు వెట్టిచాకిరి తప్పనిసరి అయినది.

దానికి బస్తర్ చెప్పిన జవాబు 1910 ఫిబ్రవరిలో వచ్చినది. మిరపకాయలు, మామిడి కొమ్మలు ఒక ఊరినుండి మరొక ఊరికి చేతులు మారాయి. అవే పిలుపు. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ పేరు ఆ తిరుగుబాటుతో ముడిపడిపోయినది. 'భూమ్‌కాల్' అని పిలిచే ఆ పోరాటాన్ని బ్రిటిష్ సేనలు అణచివేశాయి. గుండాధుర్ మాత్రం వారికి చిక్కలేదు. కనుక తెల్ల మొగం కనిపించినప్పుడు బస్తర్ పల్లె తలుపు కొద్దిగానే తెరుచుకొనేదంటే ఆశ్చర్యమేమున్నది?

ఆక్స్‌ఫర్డ్ నుండి మట్టిగుడిసెకు

వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండులోని డోవర్‌లో జన్మించాడు. తండ్రి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బిషప్. ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లసాహిత్యంలోను, వేదాంతశాస్త్రంలోను ప్రథమశ్రేణి సాధించిన ఎల్విన్‌కు చర్చిలో ఉన్నత పదవులు అందుబాటులో ఉన్నాయి. వాటిని వదులుకొని 1927లో పూనాలోని క్రైస్త సేవా సంఘంలో చేరడానికి భారతదేశం వచ్చాడు. మరుసటి ఏడు సబర్మతిలో గాంధీజీని దర్శించాడు. క్రమంగా ఆయన అనుయాయి అయినాడు.

1932లో మిత్రుడు శామ్‌రావ్ హివాలేతో కలిసి మధ్యపరగణాలలోని మండ్లా జిల్లా కరంజియా గ్రామం చేరుకొన్నాడు. గోండుల మధ్య మట్టిగోడల గుడిసెలు లేచాయి. ఒక బడి, ఒక మందుల గది, కుష్ఠు రోగులకు ఒక ఆశ్రమం వెలిశాయి. ఊరివారికి ఎల్విన్ 'బడాభాయి' అయినాడు; శామ్‌రావ్ 'ఛోటాభాయి'.

అయితే తాను తెచ్చిన సరంజామాలో కొంత ఆ ఊరికి సరిపడదని ఎల్విన్‌కు త్వరలోనే బోధపడినది. పత్తి పండని కొండల్లో రాట్నం ఎవరి ఆకలి తీరుస్తుంది? పురుటినుండి పాడెవరకు ప్రతి శుభాశుభానికి ఇప్పసారా దేవతల నైవేద్యమైన సమాజంలో మద్యనిషేధం ఏమని బోధించడం? మతం సంగతి కూడా అంతే. గోండులను మతం మార్చే పని తనది కాదని ఆయన నిశ్చయించుకొన్నాడు. బిషప్‌తో విభేదం ముదిరి, 1935లో చర్చి నుండి పూర్తిగా వైదొలగినాడు. ఆ విధంగా బోధించడానికి వచ్చినవాడు వినేవాడుగా మారినాడు. ఆ మార్పుతోనే బస్తర్‌లో అడుగుపెట్టాడు.

ఇంద్రావతి ఒడ్డున

1940 దశకం తొలి సంవత్సరాలలో ఎల్విన్ కార్యక్షేత్రం బస్తర్ సంస్థానం. సంస్థానం ఆయనకు గౌరవ మానవశాస్త్రజ్ఞుని హోదా ఇచ్చినది. చిత్రకోట్ జలపాతపు హోరు వినిపించే చోట కొంతకాలం నివసించి, అక్కడినుండి మురియా, మాడియా పల్లెలు తిరిగినాడు. ఆ తిరుగుళ్ళ ఫలమే 1943లో వెలువడిన మాడియాల హత్యలు, ఆత్మహత్యల అధ్యయనమూ, 1947లో వచ్చిన మురియాల ఘోటుల్ గురించిన బృహద్గ్రంథమూ.

అటువంటి పల్లెలో బయటినుండి వచ్చినవాడి దినచర్యకు గడియారంతో పనిలేదు. అడవి పంచాంగమే అతని పంచాంగం. ఫాల్గుణ చైత్రాలలో తెల్లవారకముందే ఊరంతా బుట్టలు చంకన పెట్టుకొని ఇప్పచెట్ల కిందికి చేరుతుంది. రాత్రి రాలిన పువ్వు ఎండ ముదిరేలోగా ఏరుకోవాలి. ఆ వేళ ఎవరితోనైనా మాట్లాడాలంటే తానూ వంగి పువ్వు ఏరవలసినదే. వైశాఖంలో తునికాకు కోత. తొలకరితో పొలాల పని. కొండల మీద కొట్టి కాల్చిన పోడులో సామలు, అరికలు, రాగులు చల్లుతారు. కోతలు ముగిసిన తరువాతనే పెళ్ళిళ్ళూ, వేటలూ, జాతరలూ.

తిండి కూడా అడవి పెట్టినదే. మట్టికుండలో కాచిన జావ పొద్దుటినుండి పొద్దుగుంకేవరకు ప్రాణాధారం. అడ్డాకు దొప్పలో పోసి ఇస్తారు. సొరకాయ బుర్రలో తెచ్చిన జావ పొలం గట్టుమీద దాహమూ, ఆకలీ రెండూ తీరుస్తుంది. ఎర్రచీమలనూ, వాటి గుడ్లనూ ఉప్పు, మిరపతో నూరిన పచ్చడి పులుపు పట్నవాసి నాలుకకు మొదట కొరుకుడు పడదు. జీలుగు చెట్టు ఉన్న ఇల్లు కలిగిన ఇల్లు. ఆ కల్లు మొదటి దొప్ప పెద్దలకు, అతిథికి. దానిని కాదనడం మర్యాద కాదు.

వారానికొక సంత. అదే వార్తాపత్రిక, అదే న్యాయసభ, అదే బంధువుల కూడలి. పది మైళ్ళు నడిచి వచ్చిన స్త్రీ ఆకుదొన్నెలో పిడికెడు చింతపండు పెట్టుకొని అమ్ముతూ సాయంత్రం దాకా కూర్చుంటుంది. అమ్మకం ఒక నెపం. అత్తవారింటనున్న కూతురు కనిపించవచ్చునన్న ఆశ అసలు కారణం. ఒక మూల కోడిపందెం. మరొక మూల కంచు పోతపోసే గడ్వాల బొమ్మలు, కుమ్మరుల ఏనుగులు. సంతలో ఒక రోజు కూర్చున్నవాడికి జనాభా లెక్కల పుస్తకంలో దొరకని సంగతులు తెలుస్తాయి.

చీకటి పడిన తరువాత మురియాల ఊరి నడిబొడ్డున ఘోటుల్ మేలుకొంటుంది. ఇది పెళ్ళికాని యువతీయువకుల సంఘం; దానికొక ప్రత్యేకమైన ఇల్లు. లింగో దేవుడు దీనిని నెలకొల్పి, వాద్యాలు వాయించడం నేర్పినాడని వారి నమ్మకం. యువకులను చెలిక్కులని, యువతులను మోతియారీలని పిలుస్తారు. గడప దాటగానే ఇంటిపేరు పోయి ఘోటుల్ పేరు, హోదా వస్తాయి. చిన్నవాడు కట్టెపుల్ల తేవాలి. ఆడపిల్లలు అంగణం ఊడ్వాలి. తప్పితే జరిమానా. ఊళ్ళో పెళ్ళి అయినా, చావు అయినా చాకిరి ఘోటుల్‌దే. పెళ్ళి జరిగిననాడు సభ్యత్వం ముగుస్తుంది.

బయటి ప్రపంచం ఘోటుల్ గురించి చాటుగా నవ్వుకొనే కాలంలో, ఎల్విన్ దానిని ఒక విద్యాలయంగా చూడడం నేర్చుకొన్నాడు. శుభ్రత, క్రమశిక్షణ, కలిసి బ్రతకడం, ఉన్నది పంచుకోవడం - వీటిని ఏ పంతులూ లేకుండా పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే బడి అది. ఆయన వర్ణనలో కొంత కవిత్వం పాలు ఎక్కువైనదని తరువాతి పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అయినా ఒక జాతి తన పిల్లలను పెంచుకొనే పద్ధతిని ఎగతాళి చేయకుండా ఓపికగా రాసుకొన్నవాడు ఆనాటికి అరుదు.

మాడియాల హత్యలపై ఆయన చేసిన పరిశీలన కూడా ఒక విధమైన సేవయే. వంద హత్యకేసుల కాగితాలు తిరగవేసి, జగదల్‌పూర్ చెరసాలలోని ఖైదీల గోడు విని, ఆ నేరాల వెనుక దాగిన భయాలను, చేతబడి అనుమానాలను, తాగిన మత్తులోని తగవులను, కుటుంబ కలహాలను విడమరచి చెప్పాడు. తీర్పు చెప్పే న్యాయాధిపతికి తీర్పు వినేవాడి మనసు తెలిసి ఉండాలన్నదే ఆ పుస్తకం సారాంశం.

ఋణం తీరని చోటు

ఎల్విన్‌ను దేవుణ్ణి చేసి చెప్పడం సత్యానికి అపచారం. బైగా తెగవారి భూములను బయటివారి నుండి కాపాడడానికి వారికి ఒక రక్షితప్రాంతం కేటాయించాలని 1939లో ఆయన సూచించాడు. 'మనుషులను జంతుప్రదర్శనశాలలో పెట్టమంటాడా?' అని దేశభక్తులు మండిపడ్డారు. ఆదివాసులు హిందూ సమాజంలో అంతర్భాగమేనని, విడదీయడం తప్పని సమాజశాస్త్రవేత్త జి. ఎస్. ఘుర్యే 1943లో గ్రంథమే రాశాడు. ఆ వాదంలో ఇరుపక్షాలకూ న్యాయమున్నది. చెరగని గోడ కట్టితే సమాజం ఎదగదు. గోడే లేకపోతే తూకపురాయి పట్టుకొన్నవాడు ముందుగా లోపలికి వస్తాడు.

సొంత జీవితంలోని లోపం అంతకంటె బరువైనది. 1940లో ఆయన వయసులో తనకంటె ఎంతో చిన్నదైన ఒక గోండు యువతిని వివాహం చేసుకొన్నాడు. బస్తర్ రోజులలో ఆమె ఆయన వెంట ఉన్నది. 1949లో విడాకులతో ఆ కాపురం ముగిసినది. ఆయన పేరు దేశదేశాలకు వ్యాపించినది. ఆమె పల్లెలో పేదరికంలో మిగిలిపోయినది. ఆ అధ్యాయం తనకు తీరని బాధ, ఓటమి అని ఆయన ఆత్మకథలో అంగీకరించాడు. ఒక సమాజాన్ని ప్రేమించడం వేరు, అందులోని ఒక మనిషికి చివరిదాకా బాధ్యత వహించడం వేరు. సేవకుడిని తూచవలసిన త్రాసు ఈ రెండవదే.

1954లో ఎల్విన్ భారత పౌరుడైనాడు. ఈశాన్య సరిహద్దు ప్రాంత పాలనకు సలహాదారుగా పనిచేశాడు. ఆదివాసులపై బయటివారు తమ ఇష్టాలను రుద్దరాదని, వారి స్వభావాన్ని అనుసరించే అభివృద్ధి జరగాలని వాదించిన ఆయన గ్రంథానికి నెహ్రూ తొలిపలుకు రాశాడు. 1961లో పద్మభూషణ్ లభించినది. 1964 ఫిబ్రవరిలో ఢిల్లీలో కన్నుమూశాడు. ఆత్మకథకు సాహిత్య అకాడమీ పురస్కారం మరణానంతరం దక్కినది.

ఇదే కాలంలో ఇదే పాఠం తెలుగు నేల మీద కూడా నడిచినది. బస్తర్‌లో పరిపాలకుడుగా పనిచేసి, మాడియాల గురించి గ్రంథం రాసిన గ్రిగ్సన్ తరువాత హైదరాబాద్ సంస్థానానికి వచ్చాడు. జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరాటం 1940లో నెత్తుటిలో ముగిసిన తరువాత, ఆస్ట్రియాకు చెందిన హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనది. ఆ దంపతుల స్మృతికి మార్లవాయి గోండులు నేటికీ నివాళి అర్పిస్తారు.

పదేళ్ళు ఉండగలవా?

బస్తర్‌కు అతిథులు తరువాత కూడా వచ్చారు. మధ్యప్రదేశ్‌లోని ధార్‌కు చెందిన ధరంపాల్ సైనీ వినోబాభావే శిష్యుడు. బస్తర్ వెళతానని అనుమతి కోరినప్పుడు, కనీసం పదేళ్ళు ఉంటేనే వెళ్ళమని వినోబా షరతు పెట్టినట్లు చెబుతారు. సైనీ 1976లో డిమ్రాపాల్‌లో ఆశ్రమం స్థాపించి, వినోబా తల్లి రుక్మిణి పేరు పెట్టాడు. ఆడపిల్లను బడికి పంపమంటే తల్లిదండ్రులు జంకే రోజులవి. పశువులు కాయడానికి, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, కట్టెలు తేవడానికి ఆమెయే దిక్కు. ఊరూరా నడిచి, ఇంటింటి అరుగుమీద కూర్చొని, ఒక్కొక్క తండ్రిని ఒప్పించడమే మొదటి పని.

కొండలు ఎక్కి దిగే పిల్లల కాళ్ళలోని బలాన్ని సైనీ గుర్తించాడు. ఆశ్రమంలో పాఠంతోపాటు పరుగు కూడా విద్య అయినది. పెక్కుమంది బాలికలు క్రీడలలో రాణించారు. మరికొందరు నర్సులుగా, ఉపాధ్యాయినులుగా తమ ఊళ్ళకు తిరిగివచ్చారు. ఆశ్రమాల సంఖ్య మూడు పదులు దాటినది. సైనీకి 1992లో పద్మశ్రీ లభించినది. వినోబా కోరిన పదేళ్ళు ఏనాడో గడిచిపోయాయి. అతిథి ఇంటి పెద్దయైనాడు. 2021లో మావోయిస్టుల చెరలో చిక్కిన ఒక జవానును విడిపించడానికి మధ్యవర్తులుగా వెళ్ళినవారిలో, తొంభై ఏళ్ళ ప్రాయంలో, సైనీ ఒకరు. ఇరుపక్షాలూ ఆయన మాట నమ్మాయి. ఆ నమ్మకం నిమిషాలలో పుట్టినది కాదు. దాని వెనుక నలభై అయిదేళ్ళ నివాసమున్నది.

1985లో స్వామి ఆత్మానంద చొరవతో నారాయణ్‌పూర్‌లో రామకృష్ణ మిషన్ ఆశ్రమం వెలసినది. అబూఝ్‌మాడ్ లోపలి పల్లెలలో కూడా కేంద్రాలు తెరిచారు. అక్కడ మొదలుపెట్టిన పనులలో ఒకటి చౌకధరల దుకాణం. దోసెడు ఉప్పుకు దోసెడు సారపప్పు ధారపోసిన జనానికి ఉప్పును ఉప్పు ధరకే అమ్మడం ఎంత పెద్ద సేవయో వేరే చెప్పనక్కరలేదు. తరువాత బడి, ఆసుపత్రి, వ్యవసాయ శిక్షణ. నేడు ఆ ఆశ్రమం పిల్లలకు ఫుట్‌బాల్ ప్రాణం. 2024లో ఇరవై ఏళ్ళలోపు యువకుల జాతీయ ఫుట్‌బాల్ పోటీలు ఆ ఆశ్రమ మైదానంలోనే జరిగాయి.

గోదావరి ఈవలి ద్వీపాలు

ఎల్విన్ చూసిన బస్తర్ నేడు లేదు. ఘోటుల్‌లు చాలా పల్లెలలో మూతపడ్డాయి. కొన్నిచోట్ల ఉత్సవాల రోజులలో మాత్రమే మద్దెల మోగుతుంది. ఇంద్రావతి మీద వంతెనలు వచ్చాయి. 1980 ప్రాంతంలో గోదావరి దాటి నక్సలైటు దళాలు ఈ అడవిలో ప్రవేశించాయి. తరువాతి దశాబ్దాలలో తుపాకులు రెండువైపులా మోగాయి. 2005లో మొదలైన సల్వాజుడుం పల్లెలను రెండుగా చీల్చినది. ఆదివాసి యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఆ మంటల నుండి తప్పించుకొని వేలాది కుటుంబాలు గోదావరి దిక్కుగా నడిచి వచ్చాయి. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవులలో ఆకుకప్పు గుడిసెలు వేసుకొన్న ఆ జనాన్ని ఇక్కడివారు గుత్తికోయలు అంటారు. వెనుకకు పోలేరు, ముందున్న నేల మీద హక్కు లేదు. పోడు కొట్టితే అటవీశాఖ అడ్డుపడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినవారికి ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకడం కష్టం. వాగు పొంగితే గర్భిణీ స్త్రీని మంచం మీద మోసుకొని రావలసినదే. ఆ గూడేలు కూడా ద్వీపాలే. వాటి చుట్టూ నీటితోపాటు కాగితాలు కూడా అడ్డు నిలిచాయి.

ఆ గూడేలకు కూడా నేడు మందుల సంచితో, పలకలతో, దుప్పట్ల మూటలతో స్వచ్ఛంద సేవకులు వెళుతున్నారు. ఒక్కరోజు పంపిణీకి వెళ్ళి ఛాయాచిత్రంతో తిరిగివచ్చేవారు ఉన్నారు. గోండీ మాటలు నాలుగు నేర్చి, ఏటేటా వెళ్ళి, పిల్లల పేర్లు గుర్తుంచుకొనేవారూ ఉన్నారు. వీరిలో తమవారు ఎవరో గూడెం పెద్దకు తెలుసు. మొదటివారు వచ్చినప్పుడు లేచి నిలబడి దండం పెడతాడు. రెండవవారు వచ్చినప్పుడు లేవడు. కూర్చున్న చోటనే కాస్త జరిగి, జావ దొప్ప వారి చేతికి అందిస్తాడు.